ఏడో అంతస్తులో కట్టేసిన గుర్రం

మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా నేను కూర్చోను. మియాపూర్‌లో పొద్దున్నే ఎక్కితే కావాలంటే కాళ్ళు చాపుకుని పోవచ్చు. కానీ ఎవరో ఒకరు పిలిచి కూర్చోమనకుండా కూర్చునే అలవాటు మా ఇంట్లో లేదు, రైల్లో పిలిచేవాళ్ళుండరు. అందుకని ఈ మంగళవారం కూడా తలుపు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి, రెండో చేత్తో ఫోను తీసి, ఆ పేజీని వేలితో కిందికి లాగి వదిలాను. చిన్న చక్రం తిరిగింది. పాత బొమ్మే. కూకట్‌పల్లిలో మళ్ళీ లాగాను. పాతదే. నాలుగు వారాలుగా ఇదే వరస. మంగళవారం ఎనిమిదింటికి రావలసింది రాలేదంటే ఆ వారమంతా నా చేతికి ఏ పనీ అంటదు. చెప్పులో రాయి పడ్డట్టు తిరుగుతుంటాను. జుట్టు నెరిసిన మనిషికి ఒక బొమ్మల కథ కోసం ఇంత పరేషాన్ ఏమిటని మా ఇంటామె అడుగుతుంది. సంగతి మొదటినుంచీ చెప్పాలి.

హైటెక్ సిటీ ఆఫీసుల మీద ఎవరో పేరు చెప్పకుండా ఇంటర్నెట్‌లో ఆ వెబ్ కామిక్ వేసేవారు. వారానికొకటి, నాలుగు గళ్ళు. అయిదు నిమిషాల మీటింగని పిలిచి, అందరికీ గడ్డాలు పెరిగేదాకా వదలని మేనేజరొకడు అందులో ఉండేవాడు. కానీ నాకు ప్రాణం 'పెద్దాయన' అనే పాత్ర. గునపం మింగినట్టు నిటారుగా ఉంటాడు. మెడలో ఆఫీసు కార్డును నిజాం ఇచ్చిన పతకంలా వేసుకుంటాడు. ఎవరొచ్చినా లిఫ్టు దాకా వెంట నడిచి, తలుపు మూసుకునేదాకా చేతులు జోడించి నిలబడతాడు. ఒక వారం ఆ లిఫ్టు చెడిపోయింది. తలుపు మూసుకుంటుంది, కదలదు, తెరుచుకుంటుంది. పెద్దాయన మళ్ళీ చేతులు జోడిస్తాడు. చివరి గడిలో వచ్చినవాడు దండం పెట్టి మెట్లమీదుగా పారిపోతాడు. ఇంకో వారం పెద్దాయన కాఫీ మిషన్ పక్కన నిలబడి, "ఇగో, మా తాత గుర్రాన్ని ఇక్కడనే కట్టేసేటోడు" అంటాడు. కొత్తగా చేరిన పిల్లవాడు అడుగుతాడు: "ఇది ఏడో అంతస్తు గదా సార్, లిఫ్టుల ఎట్ల పట్టింది?" ఆ రోజు నేను నవ్విన నవ్వుకు పాంట్రీలో వాళ్ళు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఎందుకంత నవ్వానంటే, ఆ పెద్దాయన ఎవరో నాకు తెలుసు. అంటే, తెలుసనుకున్నాను. మా తాత ఖాజాగూడ గుట్టల అవతల ఒక ఊరికి పటేలు. ఆ ఊరు ఇప్పటికీ ఉంది, అద్దాల మేడల మధ్య ఎవరికీ అడ్డం రాకుండా. భూములెట్లా పోయాయంటే మా వాళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు, ఏ కథలోనూ చెప్పేవాడి తప్పు మాత్రం ఉండదు. చివరికి మాకు మిగిలింది ఆ గుర్రం మాట ఒక్కటే. దానికీ వాటాల పేచీ ఉంది. గుర్రం తమదని మా పెదనాయన వాళ్ళంటారు, మాదని మేమంటాం. పెళ్ళి పందిట్లో బంతి లేచేలోపు మా పెదనాయన కొడుకు గుర్రం ఊసు తేకపోతే ఆయనకు తిన్నది అరగదు. కాబట్టి కాఫీ మిషన్ బొమ్మ చూడగానే నేను రెండో ఆలోచన లేకుండా దాన్ని ఆయనకు పంపి, "అన్నా, నిన్నెవరో మంచిగ గమనిస్తున్నరు" అని రాశాను. అయిదు నిమిషాల్లో ఫోనొచ్చింది.

"తమ్మీ, నేనెన్నడన్న లిఫ్టు దాక ఎవర్నన్న సాగనంపిన్నా? మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ల లిఫ్టే నడుస్తలేదు. జర ఆ బొమ్మల జేబు జూడు."

చూశాను. జేబులో నల్లని పాళీ పెన్ను, దాని పక్కన మడిచిన చేతిరుమాలు. నా జేబు చూసుకున్నాను. ఆ తర్వాత చాలాసేపు మా ఆఫీసు నా కళ్ళకు నాలుగు గళ్ళుగా కనిపించింది. నేను అక్కడ అడ్మిన్ ఆఫీసర్ని. కుర్చీ విరిగినా, చలి ఎక్కువైనా, కార్డు పోయినా నా దగ్గరికే వస్తారు. వచ్చిన ప్రతివాణ్ణీ లిఫ్టు దాకా సాగనంపడం మర్యాద అనుకున్నాను. మా తాత వచ్చినవాళ్ళను ఊరి గవిని దాకా దిగబెట్టేవాడట. నాకు గవిని లేదు, లిఫ్టు ఉంది. గుర్రాన్ని కూడా మూడో అంతస్తులో ఒకసారి, ఏడో అంతస్తులో ఒకసారి, పార్కింగులో ఒకసారి కట్టేసిన మాట వాస్తవం.

గీసేది ఎవరో ఆ తర్వాతి మంగళవారం తెలిసింది. ఆ బొమ్మలో గుర్రం అద్దాల తలుపుకు కొట్టుకుంటుంది. దానికి ఒక కన్ను మూసి ఉంది. మా గుర్రానికి ఒక కన్ను కనపడదు. అది మా ఇంటి రహస్యం. గుర్రం కోసం తన్నుకునే రెండు వాటాలూ ఆ ఒక్క విషయంలో ఏకమై నోరు మూసుకుంటాయి, ఎందుకంటే మంచి గుర్రాలన్నీ అప్పటికే పోయి, ఎవరూ కొననిది మిగిలిందని ఒప్పుకున్నట్టవుతుంది. నేను దాన్ని ఒక్కరికే చెప్పాను. ఒక సాయంత్రం కుండపోత వాన. కింద లాబీలో క్యాబ్ కోసం టెస్టింగ్ టీములో అమ్మాయి ఒకతె నిలబడింది, కడప వైపు పిల్ల. రోడ్డు మీద బండ్లు కదలడం లేదు. గంటన్నర సేపు ఏం మాట్లాడతాం? గుర్రం మాటొచ్చింది.

"కన్ను కనపడకుంటే యెట్ల పోతాండె సార్ అది?" అందా పిల్ల. నవ్వకుండా అడిగింది.

"కుడిపక్క గోడ ఉండాలె. గోడను రాసుకుంట నడిచేదట" అన్నాను. చెప్పాక తేలికైంది. అందుకే బొమ్మలో చూసినప్పుడు అంత మండింది.

ఆదివారం కూర్చుని మూడు పేజీల ఫిర్యాదు రాశాను. 'మా తాతగారి కాలం నుండి' అని మొదలుపెట్టాను. దాన్ని మడిచి పెన్ను పక్కన పెట్టుకుని సోమవారం వెళ్ళేసరికి హెచ్ఆర్ మేడమే నన్ను పిలిపించింది. నన్ను కూర్చోమంది, కూర్చున్నాను. ఆమెది భీమవరం వైపు, మాట మెత్తన. బల్లమీద ఆ బొమ్మలన్నీ ప్రింటు తీసి పెట్టుకుంది. ఆఫీసు లోపలి సంగతులు బయట వేయడం కుదరదని, పైవాళ్ళు పట్టుబట్టారని చెప్పింది.

"ఇందులో పెద్దాయన మీరేనని అందరూ అంటున్నారండి. అవునని మీరొక్క ముక్క రాసివ్వండి. ఎవరి మీదైనా అనుమానం ఉంటే ఆ పేరు కూడా రాయండి. పేరు తేలితే ఆ రోజే పంపించేస్తామండి."

పేరు నా నాలుక చివర ఉంది, కాగితం జేబులో ఉంది. ఆమె ఒక్కొక్క బొమ్మా తిప్పి చూపిస్తోంది. మీటింగులో గడ్డాలు పెరిగిన బొమ్మ, లిఫ్టు బొమ్మ, కాఫీ మిషన్ బొమ్మ. అన్నీ తిప్పింది, ఒక్కదానికీ నవ్వలేదు. లిఫ్టు బొమ్మ దగ్గర నాకు పెదవి కొరుక్కోవలసి వచ్చింది, ఆమె ముఖంలో గీత కదల్లేదు. అది నాకు నచ్చలేదు. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే: ఈమె చేతిలో పడితే మంగళవారాలుండవు. చివరికి కన్ను మూసిన గుర్రం దగ్గర వేలు పెట్టి, "ఈ గుర్రం మీదేనటగా?" అంది.

నేను లేచి నిలబడ్డాను. కళ్ళజోడు పెట్టుకుని బొమ్మను తీరిగ్గా చూశాను.

"మా ఇంటి గుర్రానికి రెండు కండ్లూ మంచిగ కనపడేటియి మేడమ్. ఇది మాది కాదు. గుర్రం మాది కానప్పుడు ఈయన నేనెట్లయిత?"

మూడు తరాలుగా మా వాళ్ళు చెబుతున్న అబద్ధమే అది. అలవాటైన మాట గనక నోరు తడబడలేదు. ఆమె కాగితాలు మూసేసింది. తలుపు దాకా ఆమే వచ్చింది. నా ఫిర్యాదును నేను మర్నాడు చదువుకున్నాను. అచ్చం పెద్దాయన రాసినట్టే ఉంది.

కానీ ఆ మంగళవారం బొమ్మ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. ఆ పిల్ల నన్ను చూసి మెట్లదారి పట్టేది. భయపడిందని తెలుస్తూనే ఉంది. నీ పేరు చెప్పలేదని నేను చెబితే, నీ పేరు నాకు తెలుసని చెప్పినట్టవుతుంది. పైగా నా అంతట నేను పోయి గీయమ్మా అని అడగడమా? మూడు వారాలు ఫోను లాగి వదలడంతోనే సరిపోయింది. పోయిన శుక్రవారం లిఫ్టు దగ్గర ఎదురుపడింది. తప్పించుకోవడానికి తోవ లేక లోపలికి ఎక్కింది. నేను మామూలుగా చేతులు జోడించాను. తలుపు మూసుకోబోతుంటే అడిగేశాను.

"మంగళారం మా గుర్రం వస్తదా అమ్మా?"

"సార్..." అంది. తలుపు మూసుకుంది. ఆ లిఫ్టు బొమ్మలో లిఫ్టులా మళ్ళీ తెరుచుకుంటే బాగుండునని అక్కడే నిలబడ్డాను.

అందుకే ఇవాళ ఎర్రగడ్డలోనూ లాగాను. ఈసారి చక్రం తిరిగి, పైన కొత్త గడి కనిపించింది. పెద్దాయన ఒక బల్ల ముందు గునపంలా నిలబడి ఉన్నాడు. బల్ల అవతల నవ్వని మేడమ్. ఆయన వెనక గుర్రం. ఆ గదిలో నేనన్న మాట అంతస్తులన్నీ తిరిగి ఆ పిల్లదాకా వెళ్ళినట్టుంది, గుర్రానికి నా కళ్ళజోడు పెట్టింది. అద్దాల వెనక రెండు కళ్ళూ ఇంతింత తెరిచి, ఎటూ చూడలేక అది గోడను వెతుక్కుంటోంది. నాలుగో గడిలో పెద్దాయన తన భుజాన్ని దాని కుడిపక్కకు ఆనించి నడుస్తున్నాడు. మాటలేవీ లేవు.

తల ఎత్తేసరికి అమీర్‌పేట వెనకబడిపోయింది. అక్కడ రైలు మారాలి, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ మరిచిపోలేదు. నవ్వుతున్నానో ఏం చేస్తున్నానో, ఎదురుగా ఉన్న కుర్రాడు లేచి, "కూర్చోండి అంకుల్" అన్నాడు. పిలిచారు గనక కూర్చున్నాను. మా తాత కాలంలో ఆ గుర్రం గోడ దాటి ఎన్నడూ పోలేదంటారు. అది చచ్చి ఇన్నేళ్ళకు, మంగళవారం మంగళవారం, ఎంత దూరం నడుస్తోందో!