సమురాయ్ పాదాలు

మొన్న ఆదివారం విజయనగరంలో ఒక తప్పు చేశాను. కొత్తదేమీ కాదు. ఏళ్ళుగా గుండెల మీద మోస్తున్న పాత తప్పునే ఈసారి మైకు పట్టుకుని పదిమంది ముందూ చేశాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే ఇప్పుడు నా చేత ఇది రాయిస్తున్నాయి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను మాంగాల గురించి వీడియోలు చేస్తుంటాను. మాంగా అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథ; కుడి నుంచి ఎడమకు చదవాలి. ఏ పుస్తకంలో ఏది బాగుంది, ఏది తేలిపోయింది, అదీ నా పని. ఆ రోజు ఒక సమావేశంలో జపాన్ పాతకాలపు కత్తియోధులైన సమురాయ్‌ల మీద వచ్చిన ఓ యాక్షన్ మాంగా గురించి మాట్లాడమన్నారు. లోపాలు గడగడా చెప్పాను. విలన్ కత్తి దూసే ముందు ఉపన్యాసమిస్తాడు. ఆడవాళ్ళకు ఏడవడం తప్ప పనుండదు. ఒక్కో పోరు సగం పుస్తకం మింగేస్తుంది. మరి బలమేమిటని ఎవరో అడిగారు.

"కత్తిని చూడకండి, పాదాలు చూడండి" అన్నాను. "దెబ్బ మడమలోంచి వస్తుంది. కత్తి కదలకముందే ఎవరు ఓడిపోతారో పాదం చెప్పేస్తుంది."

ఆ మాట నాది కాదు. మా బావది.

బావ మా మేనమామ కొడుకు, నాకన్నా పెద్దవాడు. ఆమదాలవలసలో ఫ్లెక్సీలు వేసే దుకాణం నడుపుతున్నాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ వైపు తాత దగ్గర కర్రసాము నేర్చుకున్నాడు. అమ్మవారి పండగకి ఊరేగింపు ముందు కర్ర తిప్పేవాడు. నేనిచ్చిన మాంగాలు చదివీ చదివీ, ఒకప్పుడు తనే ఒకటి గీశాడు. దొర చచ్చిపోయి దిక్కులేని ముసలి సమురాయ్ ఒకడు సముద్రపుటొడ్డున జాలర్ల పల్లెకి కాపలా ఉంటాడు. కథ అంతే.

ఎలా ఉందది? ఇన్నేళ్ళకు నిజం చెప్పనివ్వండి. గుర్రాలకి మేక కాళ్ళున్నాయి. ముసలివాడు మనసులో అనుకోవాల్సినవన్నీ పైకే అనేస్తాడు. కానీ పోరు మొదలయ్యేసరికి ఆ మాటలన్నీ ఆగిపోతాయి. ముసలివాడు అచ్చం సాము చేసేవాడిలా నిలబడతాడు. వెనక కాలి మడమ కొంచెం లేస్తుంది, బొటనవేలు తడి ఇసుకలో దిగుతుంది. పేజీల తరబడి ఒక్క మాట లేదు. చదువుతుంటే నా అరికాళ్ళు బిగుసుకున్నాయి. ఏ జపాన్ పుస్తకంలోనూ ఆ నిలబడటం నేను చూడలేదు. అప్పటికి నేను కూడా రహస్యంగా ఒక కథ రాయాలని చూస్తున్నాను, ప్రతిసారీ మొదటి పేజీ దగ్గరే చింపేస్తున్నాను. ఇతరుల పుస్తకాలు తూచడం తప్ప నాకేమీ చేతకాదని ఆ పాదాల ముందు తెలిసింది.

హైదరాబాదులో బొమ్మల పుస్తకాలు అచ్చువేసే ఒకాయన నాకు తెలుసు. ఆయనకు పంపమని బావ జిరాక్సులు తీయించి నాకిచ్చాడు. నేను పంపలేదు.

ఈ చిన్న వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

కొన్ని వారాలు పోయాక దుకాణానికి వెళ్ళాను. బావ ఏదో పెళ్ళి ఫ్లెక్సీకి చట్రం కొడుతున్నాడు.

"ఏటన్నార్రా మీవోళ్ళు?"

"వొద్దన్నారు బావా."

"ఏటి బాగోనేదంట? గుర్రాలేనా? నాకు తెల్సురా. మనూర్లో జట్కా గుర్రం కూడా నేదు, దేన్ని సూసి గియ్యాలి సెప్పు?" నవ్వుతూనే ఉన్నాడు.

"గుర్రాలు కాదు. ఆ ముసలోడు నిలబడ్డమే బాగోనేదంట. సమురాయ్‌లాగ నేడంట. పండగలో కర్రసామోడిలాగ ఉన్నాడంట. సదివినోళ్ళు నవ్వుతారంట."

సుత్తి ఆగింది. "కాళ్ళా?" అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. "ఆళ్ళ సంగతొదిలీ. నువ్వేటంటావు?"

అప్పుడైనా చెప్పొచ్చు కదా! తలుపు తీసి పెట్టాడు కదా!

"నాకూ అలాగే అగుపించింది బావా" అన్నాను.

లోపాలు అన్ని ఉండగా దాన్నే ఎందుకు ఎంచుకున్నాను? గుర్రాల మీద నెట్టేసినా అబద్ధం నిలబడేది. ఆ పుస్తకంలో ఏది తీసేస్తే మిగిలినదంతా కూలిపోతుందో నాకు బాగా తెలుసు కాబట్టి, వేలు సరిగ్గా అక్కడే పెట్టాను. విమర్శకుడిగా అంత కచ్చితంగా నేను ఎప్పుడూ పనిచేయలేదు. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

బావ రబ్బరు పట్టుకుని పేజీ పేజీకీ కాళ్ళు చెరిపేశాడు. నేనిచ్చిన పుస్తకాలే ఎదురుగా పెట్టుకుని మళ్ళీ గీసి, నాకు చూపించాడు. పాదాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటీ నేల మీద లేదు. బాగుందన్నాను. ఆ తర్వాత అతను గీయడం మానేశాడు. నేను వీడియోలు మొదలుపెట్టాను.

ఆదివారం నాటి వీడియో చూసి బావ గొంతు రికార్డు చేసి పంపాడు. "భలే సెప్పావురా పాదాల గురించి. మా తాత కూడా అదేమాట అనీవోడు." మెచ్చుకున్నాడా, దెప్పాడా? పదేపదే విన్నాను. దెప్పి ఉంటే బాగుండును.

ఆ మాట ఎవరిదో వీడియో కింద రాశాను. మర్నాడు పొద్దున్నే బండెక్కి ఆమదాలవలసలో దిగాను. అలమరలో అడుగున దాచిన జిరాక్సుల కట్ట చేతిలో ఉంది. చెరపకముందు నాటి పాదాలు ఇక మిగిలింది వాటిలోనే.

అంతా చెప్పాను. పంపలేదని చెప్పాను. ఓర్వలేనితనంతో చేశానని కూడా చెప్పాను.

బావ కట్ట విప్పి కుడి నుంచి ఒక్కో పేజీ తిప్పాడు. సముద్రపుటొడ్డు పోరు దగ్గర ఆగి, ముసలివాడి మడమ మీద బొటనవేలు ఆనించాడు.

"గుర్రాలు నిజింగానే బాగోనేవురా" అన్నాడు. వేలు తీయకుండానే, "నువ్వు అబద్ధమాడినావు. సెరిపీసినది మాత్రం నా సెయ్యే. నీ మాట నమ్మి, మా తాత కాళ్ళు నానే సెరిపీసినాను. ఇప్పుడెవుల్ని తిట్టాల్రా నేను?"

క్షమించమని అడగలేదు. అడిగితే మళ్ళీ అతనికే ఒక పని పెట్టినట్టవుతుంది.

"ఎళ్ళు. బండి ఎల్లిపోతాది" అన్నాడు, తలెత్తకుండానే.

జిరాక్సుల కట్ట బావ తిరిగివ్వలేదు. స్టేషన్‌కి వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. చేతుల్లో ఏమీ లేదు.