ఒక పూట ఆగిన ఫలితం

పొద్దున్నే ల్యాబులో ఇంక్యుబేటర్ తలుపు తీయగానే, క్రిములను పెంచే ప్లేట్ల వెచ్చని వాసన ముఖానికి తగులుతుంది. ఇన్నేళ్ళయినా ఆ వాసనకు నాకు సుభద్ర మేడమే గుర్తొస్తారు.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు, గోదావరిఖనిలో ఒక పిల్లల దవాఖానలో టెక్నీషియన్‌గా చేరాను. మంథని నుంచి వచ్చిన సుభద్ర గారు అక్కడ డాక్టరు. న్యుమోనియా టీకా అప్పుడప్పుడే వస్తోంది. ఆవిడ తల్లుల పక్కన బెంచీ మీద కూర్చుని, ఓపికగా నచ్చజెప్పి పిల్లలకు వేయించేవారు.

అలా టీకా వేయించుకున్న రెండేళ్ళ మౌనికను ఒకరోజు తండ్రి రాజయ్య గని డ్యూటీ బట్టల్లోనే ఎత్తుకొచ్చాడు. పాప ఒళ్ళు కాలిపోతోంది. మెడ బిగుసుకుపోయింది. న్యుమోనియా తెచ్చే క్రిమే మెదడు పొరలకు సోకినట్టుందన్నారు మేడం.

"టీకా ఏపిచ్చినం గద డాక్టరమ్మా, మరి ఎట్లొచ్చింది?" అన్నాడు రాజయ్య.

"అది కొన్ని రకాల క్రిములనే ఆపుతది రాజయ్యా. ఇది వేరే రకం కావచ్చు. ఇంతకుముందు ఏమన్న మందులు తాపిండ్రా?"

"సర్ది అయినప్పుడల్ల మెడికల్ షాపుల సీసా తెచ్చి తాపినం. జెర తగ్గంగనే బంద్ చేసినం."

మేడం ముఖం వాడిపోయింది. అలా సగంలో ఆపితే చావకుండా మిగిలిన క్రిములు మందుకు లొంగవని ఆవిడ అందరికీ చెప్పేవారు. ఆ రోజు మాత్రం అతన్ని ఒక్క మాట అనలేదు. వెన్నులోంచి తీసిన నీటిని పరీక్షకు నాకిచ్చి, ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే మందే మొదలుపెట్టారు.

మూడోనాడు పొద్దున ప్లేటు చూశాను. మందు పనిచేస్తే, ప్లేటులో పెట్టిన ఆ మందు బిళ్ళ చుట్టూ క్రిములు లేని ఖాళీ వలయం కనబడాలి. పాపకు ఇస్తున్న మందు బిళ్ళను ఆనుకొనే క్రిములు పెరిగి ఉన్నాయి. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. నాదే ఏదో తప్పనుకుని, ఎవరికీ చెప్పకుండా పరీక్ష మళ్ళీ పెట్టాను. సాయంత్రం మేడమే వచ్చి అడిగితే, ఏడుస్తూ ప్లేటు చూపించాను. ఆవిడ పరుగున వెళ్ళి మందు మార్చారు.

"అనుమానముంటే ఆ అనుమానమే చెప్పు రమా. ఆ పిల్లకు ఒక పూటంటే చాన పెద్దది," అన్నారు తిరిగొచ్చి.

మౌనిక బతికింది. ఎడమ చెవి మాత్రం వినబడకుండా పోయింది.

"నా వల్లనేనా మేడం?" అని అడిగాను.

"నీకూ తెల్వది, నాకూ తెల్వది. జ్వరం దిగుత లేదని నేను చూస్తనే ఉన్న. నేను గూడ ఆగిన గదా," అన్నారు.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ప్లేటు మీద అర్థం కానిదేదైనా కనబడితే మళ్ళీ పరీక్ష పెడతాం, కానీ అంతకుముందే నేను వార్డుకు ఫోన్ చేస్తాను. "ఇంకా ఖాయం కాలేదు డాక్టర్, నాదే పొరపాటు కావచ్చు. అయినా మీకు చెప్పాలి," అంటాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.