బాబాయి భాషలో అమ్మ పేరు
ఫినాయిలు వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. రాయపూర్ రైల్వే క్వార్టర్సులో ఉండగా మా బాబాయి సొంతంగా ఒక భాష కడుతుండేవాడు. అందులో ప్రతి శబ్దానికీ ఓ అర్థం. ‘ల’ అంటే వెళ్లడం, ‘త’ అంటే ఆగిపోవడం.

మా అమ్మ పేరు లత.

కాన్పుకని ఫినాయిలు కంపుకొట్టే ఆసుపత్రికి వెళ్లిన అమ్మ ఎంతకీ రాలేదు. పక్కింటి చాచీ వచ్చి, “లతా కబ్ ఆహీ, నోనీ?” అని అమ్మ ఎప్పుడొస్తుందో అడగగానే ఆమె నోరు మూసేశాను.

“ఏమైందిరా తల్లీ?” అన్నాడు బాబాయి.

“ఆ పేరు అనొద్దు బాబాయ్! అంటే అమ్మ వెళ్లి అక్కడే ఆగిపోతుంది.”

బాబాయి తన భాష రాసుకునే పుస్తకం తీసి ‘త’ అర్థం కొట్టేశాడు.

“అయితే మార్చేద్దాం. ఇవాళ్టి నుంచి ‘త’ అంటే తిరిగి రావడం.”

మర్నాడు అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. ఆ ఒక్క శబ్దం కోసం బాబాయి తన భాషలో సగం మాటలు విప్పి మళ్లీ కట్టుకున్నాడని పెద్దయ్యాకే తెలిసింది.