కంప్యూటరుకు ఆయుధ పూజ

మొన్న ఆయుధ పూజ నాడు మా ఆఫీసులో సాంబ్రాణి వేశారు. ఆ పొగకు అందరికీ భక్తి కలుగుతుందేమో కానీ నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. కొత్తగా చేరిన అమ్మాయి పసుపు గిన్నె పట్టుకుని నా ల్యాప్‌టాప్ దగ్గరికి రాగానే, "మూత మీద పెట్టుకో, పక్కనున్న కన్నం జోలికి మాత్రం పోవద్దు" అని కసిరాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది. నా కోపం ఆమె మీద కాదని, ఎప్పుడో ఆళ్లగడ్డలో మొదలైందని ఆమెకెలా తెలుస్తుంది?

ఆళ్లగడ్డ బస్టాండు పక్క సందులో మా నాయనకు జిరాక్సు, టైపు దుకాణం ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నంద్యాలలో ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటరును కొని, బస్సులో చంటిపిల్లలాగా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. బూడిదరంగు ఇనుప డబ్బా, ఎత్తితే నడుం పట్టేసేది. ముందువైపు ఫ్లాపీ పెట్టే సన్న సందు తప్ప ఏమీ ఉండదు కానీ వెనక్కి తిప్పితే పెద్ద సంసారమే: మానిటరుకు మూడు వరసల కన్నాలది ఒకటి, అటూ ఇటూ మరలు బిగిస్తే తప్ప నిలవని ప్రింటరుది ఒకటి, కీబోర్డుకు ఊదారంగు గుండ్రంది, మౌసుకు ఆకుపచ్చ గుండ్రంది, ఎందుకున్నాయో మాలో ఎవరికీ తెలియనివి మరికొన్ని, చివర తాళంకప్ప తగిలించుకునే ఇనుప కొక్కెం. ఆ గుండ్రటివి రెండూ రంగు తేడా తప్ప అచ్చం ఒకటే. అంత డబ్బా చేసిన మహానుభావులకు ఆ రెండింటికీ వేరు వేరు ఆకారాలు పెట్టడానికి ఏం రోగమొచ్చిందో!

ఇంటర్ పాసైన మా అక్కను నాయన నంద్యాల కాలేజీకి పంపలేదు. అక్క ఏడ్చి, అలిగి, చివరికి ఆ డబ్బా ముందు కూర్చుని తెలుగు అక్షరాలు కొట్టడం తనంతట తానే నేర్చుకుంది. అన్నం తింటూ కూడా కంచం అంచు మీద వేళ్లు ఆడించేది. ఆ ఏడు దసరా ముందు అహోబిలం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి కూతురి పెళ్లికార్డు చేయమన్నాడు. ఆయుధ పూజ మరుసటి రోజు వచ్చి ముహూర్తం వేళ చెబుతానని, అది కలిపి ప్రింటు తీసివ్వమని అన్నాడు.

"ఈ కార్డు నువ్వే చెయ్ మే. బాగొస్తే దుకాణంలో కూచో, లేకుంటే ఇంట్లో కూచో" అన్నాడు నాయన.

అక్క నెమలి బొమ్మలూ అరటిచెట్లూ పెట్టి కార్డంతా తయారు చేసింది. ఇక ఆ ముహూర్తం ముక్క ఒక్కటే మిగిలింది.

మా దుకాణంలో ఆయుధ పూజంటే ఏ పనిముట్టునైనా విడదీసి, కడిగి, పసుపు పెట్టి, ఆ రోజంతా ముట్టకుండా వదిలేయాలి. బొరుగులూ పుట్నాలూ బెల్లం కలిపిన పళ్లెం, మహానంది అరటిపళ్ల గెల, పగలగొట్టడానికి కుంకుమ నింపిన గుమ్మడికాయ, తలారా స్నానం చేసినట్టు కత్తెరలూ స్టాప్లర్లూ సైకిలూ. ఆ వరసలో కంప్యూటరునూ పెట్టి, నాయన వెనక వైర్లన్నీ పీకడం మొదలుపెట్టాడు.

"పీకొద్దు నాయనా, మళ్లా యాడిదాడ పెట్టల్లంటే కష్టం" అని అక్క అడ్డుపడింది.

"కత్తెర కడగల్ల గానీ ఇది కడగగూడదా? ఆడ జరుగు."

తడిగుడ్డతో తుడవడం అయ్యాక మా అవ్వ వంతు. ఆమె పసుపు ముద్ద తీసుకుని, కన్నం కన్నానికీ నిండుగా మెత్తింది. వద్దని అక్క చెయ్యి పట్టుకుంటే, "ఇన్ని ముక్కులుండాయి, ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటే ఎట్ల మే?" అంది. ఊదా లేదు, ఆకుపచ్చ లేదు, అన్నీ పసుపే. నేను బొరుగులు తింటూ పకపకా నవ్వాను.

మరునాటి పొద్దునకు ఆ పసుపు ఎండి గట్టిపడింది. అహోబిలం ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. అక్క పిన్నీసుతో నెమ్మదిగా గీకుతుంటే, మనిషి ఎదురుచూస్తున్నాడని నాయనకు తొందర. ఆమె చేతిలోంచి కీబోర్డు వైరు లాక్కుని గుండ్రటి కన్నంలోకి బలంగా తోశాడు. వైరు కొసనున్న సూదులు వంగిపోయాయి. స్విచ్చి వేస్తే, కీబోర్డు లేదని తెర మీద ఇంగ్లీషు వాక్యం వచ్చి అక్కడే ఆగిపోయింది. నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే మస్తానన్నకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, "బస్సెక్కతాండా అన్నా" అన్నాడు. మధ్యాహ్నం చేస్తే మళ్లీ అదే మాట. ఆ బస్సు సాయంత్రం దాకా రాలేదు. పెద్దమనిషి చూసి చూసి, నంద్యాలలోనే చేయించుకుంటానని లేచిపోయాడు.

ఆయన అటు పోగానే నాయన, "ఆడపిల్ల చేతికిస్తే ఇట్లనే ఐతాది" అన్నాడు. పసుపు మెత్తింది అవ్వ, సూదులు వంచింది ఆయన, తప్పు మాత్రం అక్కది!

మర్నాడు మస్తానన్న వచ్చి, సూదులు సరిచేసి, పసుపు గీకి, టీ చల్లారేలోపు దాన్ని బాగుచేశాడు. అయినా నాయన వెనకనున్న కొక్కేనికి తాళంకప్ప వేసి, టైపుకు బయటి అబ్బాయిని పెట్టుకున్నాడు. ఆ తాళం డబ్బా మూత తెరవకుండా ఆపుతుందే తప్ప, కంప్యూటరు వాడకుండా ఆపదు. ఆ సంగతి అక్కకు బాగా తెలుసు. తెలిసినా మళ్లీ దాని ముందు కూర్చోలేదు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గుండ్రటి కన్నాల కంప్యూటర్లూ, ఫ్లాపీలూ, ఎస్టీడీ బూతులూ ఏవీ లేవు. మా డబ్బా తాళంతో సహా పాతసామాన్ల బండెక్కి పోయింది.

పూజ అయ్యాక మనసాగక అక్కకు ఫోన్ చేశాను. నా ల్యాప్‌టాప్‌కు ఒక్కటే రకం కన్నమని, వైరు ఎటు తిప్పి పెట్టినా పడుతుందని, ఇక ఎవరూ తప్పుగా పెట్టలేరని గొప్పగా చెప్పాను.

అక్క, "అట్లయితే తప్పు ఇంగ ఎవురి మీద ఏస్తాండారు?" అని అడిగింది.