విన్నీ అత్త అరగదీసిన పేరు

ఇంగ్లండు ఉత్తరాన మా నార్తంబర్లాండ్ పల్లెల్లో ఆడమనిషి పరువంతా గుమ్మం మెట్టు మీదే ఉంటుంది. శనివారం పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని, మెట్టు తడిపి, రాతిముక్కతో తెల్లబడేదాకా రుద్దుతారు. ఊళ్లో మేమంతా అత్తా అని పిలిచే విన్నీ ట్యులిప్ మాత్రం తన మెట్టు అయ్యాక అదే బకెట్టు పట్టుకుని ఎస్టేటు గుట్ట ఎక్కేది. గుట్ట మీద థోర్న్‌లీ దొరల స్మారక స్తంభం ఉంది. ఆ కుటుంబంలో పోయినవాళ్ల పేర్లన్నీ దాని పీఠం మీద చెక్కారు. అన్నిటికన్నా కింద ఉన్నది ఆంబ్రోస్ పేరు. ఐదేళ్లకే పోయాడు.

వాణ్ణి పెంచింది విన్నీ అత్తే. పదహారేళ్లకు ఆ దొరల బంగళాలో ఆయాగా చేరింది. డిఫ్తీరియా వచ్చి వాడు ఆమె ఒళ్లోనే కన్ను మూశాడు. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "నాకు శనివారాలు తీరదమ్మా" అనేది. నలభై మూడేళ్లు వానలోనూ మంచులోనూ ఆ ఒక్క పేరే రుద్దింది. పెద్ద దొరల పేర్లకు నాచు పట్టినా చెయ్యి వేసేది కాదు. "వాళ్ల మొహాలు వాళ్లే కడుక్కుంటార్లే" అనేది.

నేను రాతిపనివాణ్ణి. 1974 ఏప్రిల్‌లో, స్తంభానికి పగుళ్లున్నాయేమో చూడమని దొరసాని ఫిలిప్పా పిలిపించింది. ఆమె ఆంబ్రోస్‌కు అక్క. వంగి చూశాను. వందేళ్ల కిందటి పేర్లు నిక్షేపంలా ఉన్నాయి. ఆంబ్రోస్ పేరు మాత్రం వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు.

నా నోరు ఊరుకోదు కదా. "ఇది వాన చేసిన పని కాదమ్మా. ఇసుకరాయి మెత్తన. ఎవరో రుద్ది రుద్ది అరగదీశారు" అనేశాను.

వెనక్కి తిరిగితే, స్తంభానికి ఏమైందోనని వచ్చిన విన్నీ అత్త నిలబడి ఉంది. వెంటనే గుట్ట దిగి వెళ్లిపోయింది. నా నోట్లో మన్ను పడ, ఆ మాట మింగి ఉంటే ఎంత బాగుండేది.

ఆ శనివారం ఆమె గుట్ట ఎక్కలేదు. పై శనివారం సొంత గుమ్మం మెట్టు కూడా కడగలేదు. ఆ మురికి మెట్టు చూసి ఊరంతా గొంతు తగ్గించి మాట్లాడుకుంది. నేను ఉండబట్టలేక వెళ్లి తలుపు తట్టాను.

"కొత్తగా చెక్కుతానత్తా. బెంగపడకు."

"చెక్కరా నాయనా. నన్ను మాత్రం అటు రానివ్వకు. మట్టి అంటకూడదని చూసుకుంటూ, వాణ్ణి నా చేతుల్తో నేనే చెరిపేసుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె పోసిన టీ తాగకుండానే వచ్చేశాను.

పేరు చెక్కే రోజున దొరసాని వచ్చింది. ఒక్కతే రాలేదు, విన్నీ అత్తను జబ్బ పట్టుకుని లాక్కొచ్చింది. "చిన్నప్పుడు మమ్మల్ని స్నానానికి ఇలాగే ఈడ్చుకెళ్లేదానివి. నడు" అంటోంది. అత్త తల ఎత్తలేదు.

ఉలి పట్టుకుని అడిగాను. "ఎంత లోతు కొట్టమంటారమ్మా? మిగతావన్నీ పావు అంగుళం ఉన్నాయి."

"ముప్పావు కొట్టు."

"అంత లోతెందుకండీ? పక్క పేర్లతో కలవదు."

"కలవకపోతే మానె. ఇంకో నలభై ఏళ్లు విన్నీ రుద్దుడికి తట్టుకోవాలి కదయ్యా" అంది దొరసాని.

విన్నీ అత్త అప్పుడు ఏడ్చింది.