దిష్టి తాడు

నిరుడు ఆఫీసుకు తిరగడానికి కొత్త మోటారు సైకిలు కొన్నాను. అలిపిరిలో పూజ కాగానే మా అమ్మ దిష్టి తగలకుండా హ్యాండిలుకు నిమ్మకాయలూ మిరపకాయలూ తాడుతో బిగించి కట్టింది. అంతే, ఇక బండి స్టార్టయితే ఒట్టు! జనమంతా చూస్తుండగా తల వంచుకొని, ఎండలో కపిలతీర్థం దగ్గరి మెకానిక్ దాకా తోసుకెళ్లాను.

"సూసినావా నాయనా, అప్పుడే ఎవురి కండ్లో పడినాయి," అంటూ అమ్మ వెనకే నడిచింది.

మెకానిక్ చూసి నవ్వాడు. "దిష్టి కాదు పెద్దమ్మా. నువ్వు కట్టిన తాడే ఇంజిను ఆపే ఎర్ర స్విచ్చిని నొక్కేసుండాది."

తాడు విప్పి స్విచ్చి సరిచేయగానే బండి గుర్రుమంది. అమ్మ తగ్గితేనా!

"మరి నా చేత సరిగ్గా ఆడనే కట్టించింది దిష్టి కాకుండా ఇంకెవురు?"

ఇప్పటికీ రోజూ బయల్దేరే ముందు ఆ స్విచ్చి చూసుకుంటాను. తర్వాత అమ్మ చేతిలో తాడుందేమో చూస్తాను.