ఆరా, పన్నెండా

మావయ్య షెడ్డులో దూలానికి గొలుసు కప్పీ కట్టారని అమ్మ ఫోన్ చేసింది. మా నర్సీపట్నంలో పాత కారున్న ఇంట్లో ఆ గొలుసు కనబడిందంటే అర్థం ఒకటే. పెట్రోలు ఇంజన్ బయటికి, జీపు డీజిల్ ఇంజన్ లోపలికి. ఏజెన్సీ కొండలెక్కే జీపులు చచ్చిపోతాయి గానీ వాటి ఇంజన్లు చావవు. ఒక బండిలోంచి ఇంకో బండిలోకి దూరుతూ బతుకుతాయి. పాత కార్లకి వేశారు, వ్యాన్లకి వేశారు, ఒక మహానుభావుడు చెరుకు రసం మరకి కూడా వేశాడు. దీన్ని తప్పని మా ఊళ్ళో ఎవరూ అనరు. బండికి పునర్జన్మ ఇచ్చామని కొబ్బరికాయ కొడతారు.

"మావయ్య ఏటన్నాడమ్మా?" అని అడిగాను.

"ఏటంతాడు. మీ ఇష్టం అన్నాడట."

మావయ్య నోట 'మీ ఇష్టం' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. పెళ్ళిలో వంకాయ కూర ముందు వడ్డించాలా పప్పు ముందు వడ్డించాలా అన్నదాని మీద కూడా ఆయనకి ఒక అభిప్రాయం ఉంటుంది. దానికోసం పీటల మీద పెళ్ళి ఆపగలడు. నేను స్కూటీ తీశాను.

ఆ కారు సంగతి చెప్పాలి. జీడిపిక్కల వ్యాపారం బాగా సాగిన రోజుల్లో మావయ్య దాన్ని విశాఖపట్నంలో ఓడల వ్యాపారి ఒకాయన బంగళాలోంచి కొనుక్కొచ్చాడు. ఇంగ్లండులో పెద్దమనుషులు ఎక్కే కారు. బానెట్ చివర దూకుతున్న చిరుతపులి బొమ్మ. కంపెనీ పేరు మా ఇంట్లో తలొకరూ ఒకలా పలికేవారు కాబట్టి ఊరంతటికీ అది 'పులికారు' అయింది. అమ్మమ్మ మాత్రం చివరిదాకా పిల్లి అనే అంది. "ఆ పిల్లి బండి నా దొడ్లో పెట్టకురా, కోళ్ళు బెదిరిపోతన్నాయి" అనేది. లోపల చెక్క పలకలు, తోలు సీట్లు. సీజనులో మావయ్య ఆ డిక్కీలోనే జీడిపిక్కల బస్తాలు వేసుకొచ్చేవాడు. ఇంగ్లండు పెద్దమనుషులు చూస్తే మూర్ఛపోయేవారు.

కారు వచ్చిన ఏడాదే తగువు కూడా ఇంట్లోకి వచ్చింది.

మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకి సైకిలు తొక్కడం వచ్చు, ఆ పైన ఏమీ నడపడం రాదు. అయితే బావమరిది ఒక వస్తువు కొన్నాడంటే దానిలో లోటేమిటో చెప్పడం బావగా తన ధర్మం అనుకునేవాడు. విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు మోటారు పత్రికలు కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాడు. అలా చదివి కనిపెట్టాడు, అదే కంపెనీ తర్వాతి కాలంలో పన్నెండు సిలిండర్ల ఇంజన్ చేసిందని. మావయ్య కారులో ఉన్నది ఆరు.

"ఆరంటే అందులో సగం కదరా" అన్నాడు నాన్న, ఆదివారం భోజనాల దగ్గర, చాలా దిగులుగా, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు.

"బావా, ఈ ఆరు ఒకే వరసలో నిలబడి ఉంటాయి, మీ బడిలో ప్రేయరుకి నిలబడ్డ పిల్లల్లాగ. ఇరవై నాలుగ్గంటల పందేల్లో పరిగెట్టి గెల్సిన ఇంజనిది. నీ పన్నెండు ఏం గెల్సిందో సెప్పు."

"గెలవడానికి కాదురా, సుఖానికి. నడుస్తోందో లేదో తెలీనంత మెత్తగా తిరుగుతుందట. ఇంజన్ మీద రూపాయి బిళ్ళ అంచు మీద నిలబెడితే పడదట."

"ఎవుడు నిలబెట్టేడు?"

"పత్రికలో ఉంది."

"పత్రికలో నా ఫొటో పడితే నాను మంత్రినయిపోతానేటి?"

ఇద్దరిలో ఎవరూ ఆ పన్నెండు సిలిండర్ల ఇంజన్ని కళ్ళతో చూడలేదు. చూడకపోవడం వాదనకి ఏమాత్రం అడ్డు రాలేదు. వారం వారం మా ఇంట్లో మధ్యాహ్నం ఎండ దిగేదాకా ఆ పంచాయితీ నడిచేది. మన ఎండలకి పన్నెండు సిలిండర్లు కుతకుత ఉడికిపోతాయని మావయ్య. రేడియేటరు పెద్దది వేస్తారు కదరా అని నాన్న. ప్లగ్గులు లోపలెక్కడో ఉంటాయి, మార్చాలంటే చెయ్యి దూరదని మావయ్య. చెయ్యి సన్నం చేసుకో, అన్నం తగ్గించు అని నాన్న. అమ్మ గిన్నెలు గట్టిగా పెట్టేది. నేను గుమ్మం మీద కూర్చుని ఎవరు ఓడిపోతుంటే వాళ్ళకి మాట అందించేదాన్ని. నా నోటి దురుసుకి కాలేజీ చదువు కారణమని మా అత్తవారి వైపు అంటారు. అన్యాయం. ఆ విద్య అంతకుముందే, ఆ గుమ్మం మీదే పూర్తయింది.

ఒకసారి నాన్న రూపాయి బిళ్ళ తెచ్చి పరీక్ష పెట్టాడు. మావయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు. నాన్న పంచె ఎగగట్టి, బిళ్ళని ఇంజన్ మీద నిలబెట్టి చెయ్యి తీశాడు. టక్కున పడింది. మళ్ళీ నిలబెట్టాడు, మళ్ళీ పడింది. నాన్న ముఖం వెలిగిపోయింది. మావయ్య ఆ బిళ్ళ తీసి ఎండలో పెట్టి చూశాడు.

"బావా, ఇది పూర్తిగా అరిగిపోనాది. ముందు మీ అరుగు మీద నిలబెట్టు సూద్దాం."

అరుగు మీద కూడా పడింది. నాన్న ఒప్పుకోలేదు. అరుగు వాలుగా ఉందన్నాడు.

ఆ రోజుల్లోనే ఓ చలికాలం మావయ్య మమ్మల్నందరినీ లంబసింగి తీసుకెళ్ళాడు. ఘాట్ రోడ్డులో మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు పులిబొమ్మ తప్ప ఏమీ కనబడలేదు. జీపులు మా పక్కన గేరు మార్చుకుంటూ, ఏడుస్తూ ఎక్కుతున్నాయి. మా బండి మాత్రం గొంతు పెంచకుండా ఎక్కింది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. పెద్ద మనిషి నిద్రలో తృప్తిగా మూలిగినట్టుండేది. ముందు సీట్లో నాన్న కూడా మలుపు తర్వాత మలుపు, మాట్లాడకుండా విన్నాడు. పైకి చేరాక టీ తాగుతూ, "పన్నెండయితే ఈపాటికి వచ్చి ఇడ్లీ కూడా తినేసేవాళ్ళం" అన్నాడు.

నా ఓటు ఆరుకి పడింది ఆ ఘాట్ రోడ్డులోనే. నాన్నతో అనలేదు. ఇద్దరు ఒక పక్కకి చేరితే వాదన చప్పబడిపోతుంది.

నాన్న పోయి ఏడాది దాటింది. ఆయన పోయాక మావయ్య షెడ్డు తలుపు తియ్యడం మానేశాడు. ఆదివారం మా అమ్మ దగ్గరికి వస్తాడు, తింటాడు, వెళ్తాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా అనడు. మా అమ్మకి అదే భయం. "మీ నాన్న పోయినపుడు ఏడిసేడు, బాగానే ఉంది. ఇప్పుడు ఏటీ అనడం లేదే, అది బాగోలేదు" అంటుంది. ఆ గొలుసు కబురుకి ఆమె ఫోన్ చేసింది అందుకే.

మావయ్య ఇల్లు కొయ్యూరు వెళ్ళే రోడ్డులో. నేను వెళ్ళేసరికి షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పులికారు బానెట్ విప్పి గోడకి ఆనించారు. మెకానిక్ స్పానరుతో లోపలికి వంగి ఉన్నాడు. పక్కన పట్టా మీద జీపు ఇంజన్ ఒకటి, కొత్తగా ఆకుపచ్చ రంగు పూసుకుని కూర్చుంది. మావయ్య కొడుకు, నాకంటే చిన్నవాడు, ఎదురొచ్చాడు.

"ఏటి వదినా, ఇలాగొచ్చీసేవు?"

"మీ ఇంజన్ని సాగనంపడానికి."

"నువ్వూ మొదలెట్టకు. షెడ్డులో దీన్ని ఎలకలు తప్ప ఎవరు సూస్తన్నారు? పెట్రోలు పోసి తిప్పలేం. డీజిలేసి పెళ్ళిళ్ళకి తిప్పితే నలుగురూ సూస్తారు. నాన్నని అడిగేను. మీ ఇష్టం అన్నారు."

అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది కూడా అందుకే.

మావయ్య వీధి అరుగు మీద, షెడ్డుకి వీపు పెట్టి కూర్చుని మునగాకు దూస్తున్నాడు. మునగాకు! వంటింట్లోకి మంచినీళ్ళకి కూడా వెళ్ళని మనిషి. ఇంజన్ ఉంచమని బతిమాలదామనే వచ్చాను గానీ, ఆ వీపు చూశాక బతిమాలితే మళ్ళీ 'మీ ఇష్టం' అంటాడని అర్థమైంది. పక్కన కూర్చున్నాను.

"మంచి పని చేస్తున్నావు మావయ్యా. నాన్న మొదట్నుంచీ చెప్పేడు కదా, ఈ ఆరు సిలిండర్లది తుక్కని."

మునగాకు దూసే చెయ్యి ఆగింది.

"తుక్కని ఎప్పుడన్నాడు? పన్నెండు గొప్పదన్నాడు. తుక్కనలేదు."

"రెండూ ఒకటే."

"ఒకటేటి? అంత సదువు సదివేవు, ఆ మాటకీ ఈ మాటకీ తేడా తెల్దా?"

"లెక్క ప్రకారం సగమే కదా మావయ్యా."

"లెక్కా? పన్నెండుమంది వంటోళ్ళుంటే పులిహోర బాగుంటాదేటి? మీ నాన్నకి వందసార్లు సెప్పేను. ఇనేవోడా? ప్లగ్గుకి సెయ్యి దూరదంటే అన్నం తగ్గించమన్నాడు!"

"తగ్గించాల్సింది. దీని చప్పుడు చూడు, గిన్నెలు తోమినట్టుంటుంది. రూపాయి నిలబెడితే పడిపోయింది, నేను కళ్ళారా చూశాను."

మావయ్య లేచి నిలబడ్డాడు. ఒళ్ళో ఉన్న మునగాకంతా కింద పడింది.

"ఏ రూపాయి? ఆ అరిగిపోనదా? మీ అరుగు మీద కూడా పడ్లేదేటే? ఓసి గుంటా, నువ్వక్కడే ఉన్నావు కదే! అబద్ధం సెప్పడానికి సిగ్గు లేదూ?"

నాకు తల నెరిసింది. గుంటా అని పిలిచేవాళ్ళు ఇంకెంతమంది మిగిలారు కనక. నేను మాత్రం తగ్గలేదు.

"అరుగు వాలుగా ఉంది" అన్నాను.

మావయ్య తిన్నగా షెడ్డులోకి నడిచాడు. "ఒరే, ఆ గొలుసు దించు."

"బాబుగారూ, బోల్టులు కొన్ని ఇప్పేసేనండి."

"ఇప్పినోడివి నువ్వే కదా, బిగించు. బేగి కానీ."

కొడుకు అడ్డొచ్చాడు. "నాన్నా, మీరే కదా మా ఇష్టం అన్నారు?"

"అన్నాను. ఇప్పుడు నా ఇష్టం అంటన్నాను. ఆ డీజిలు ఏసి ఊరేగిస్తే పెళ్ళికొడుకు పళ్ళు రాల్తాయి. ఆడికి పెళ్ళి సేస్తావా, మిక్సీలో ఏస్తావా?"

"పెళ్ళిళ్ళకి కావాలంటే ఇలాగే తిప్పు నాయనా" అన్నాను నేను. "ఊరేగింపు కారు నడిచే మనిషి కంటే నెమ్మది. ముందర బ్యాండువాళ్ళు కదలాలి కదా. ఆ దూరానికి పెట్రోలు ఎంత తాగుతుందిట?"

అతను నావైపు, తండ్రివైపు చూసి, పైకప్పు వైపు చూశాడు. అక్కడ సహాయం ఏమీ దొరకలేదు.

ఇంజన్ ఆ రోజు స్టార్ట్ కాలేదు. అన్నాళ్ళు మూలన పడున్నది వెంటనే అవుతుందా? మెకానిక్ ఆకుపచ్చ రంగు ఇంజన్ని ఆటోలో ఎక్కించుకుపోయాడు. తర్వాత తనే వచ్చి కార్బురేటర్లు రెండూ విప్పి కడిగాడు. అది మళ్ళీ పలికిన రోజు నేనక్కడే ఉన్నాను. ముందు దగ్గింది, తెల్లటి పొగ వదిలింది, ఎలుకల గూడు గడ్డి ఎక్కడినుంచో ఎగిరిపడింది. తర్వాత ఆ పాత మూలుగు. ఘాట్ రోడ్డు, మంచు, ముందు సీట్లో నాన్న మెడ వెనక భాగం. నేను చున్నీతో ముఖం తుడుచుకుంటుంటే, "పొగండీ" అన్నాడు మెకానిక్, మర్యాదగా.

మావయ్య చేతులు కట్టుకుని నావైపు తిరిగాడు. "ఇప్పుడు సెప్పు. ఆరా, పన్నెండా?"

ఆరని చెప్పేస్తే ఆయన గెలిచేవాడు. వచ్చే ఆదివారం నుంచి మళ్ళీ పప్పులో ఉప్పు గురించి ఎవరూ ఏమీ అనని ఇల్లు.

"పన్నెండే" అన్నాను. "దీన్ని చప్పుడంటారా ఎవరైనా?"

అప్పటినుంచీ ఆదివారాలు నాకు ఖాళీ లేదు. నమ్మని పక్షం తరఫున వాదించాలంటే నమ్మిన దానికంటే ఎక్కువ చదవాలి. నాన్న పత్రికలు అట్టపెట్టెలోంచి తీసి, రాత్రి కళ్ళజోడు పెట్టుకుని పన్నెండు సిలిండర్ల గుణగణాలు బట్టీ పడుతున్నాను. మావయ్య తిడతాడు, అమ్మ గిన్నెలు గట్టిగా పెడుతుంది. బయల్దేరే ముందు పర్సులో చూసుకుంటాను, బాగా అరిగిన రూపాయి బిళ్ళ ఒకటి ఉందో లేదో అని.